సీసా రెసిన్ చమురు బావికి సరే, ఎండిన బోరుకు కాదు

బోరు వేసే రోజు అందరి చూపూ పైకి తన్నే బురదనీళ్ల మీదే ఉంటుంది. అనంతపురం వైపు పని మామూలుగా ఇలా సాగుతుంది. పైనున్న మెత్తటి నేల, గరుసు దాటేదాకా ఎనిమిదిన్నర అంగుళాల బిట్‌తో దించుతారు. గట్టి రాయి తగలగానే ఏడంగుళాల కేసింగ్ గొట్టం నిలబెట్టి, ఆపైన ఆరున్నర అంగుళాల బిట్‌తో రాయిలోకి పోతారు. కేసింగ్ బయటి గోడకూ నేలకూ మధ్య వేలు దూరేంత సందు మిగులుతుంది. దాన్ని బోరు పిండితోనో (తవ్వేటప్పుడు బయటికొచ్చే రాతిపొడి), కాలితో తోసిన మట్టితోనో పూడ్చేసి రిగ్గు వెళ్లిపోతుంది. రెండు వానలకు ఆ మట్టి కుంగుతుంది. పాక దగ్గరి మురికీ, పొలంలో కొట్టిన మందూ ఆ సందు పట్టుకునే లోపలి నీళ్లలోకి దిగుతాయి. కేసింగ్ బాగానే ఉంటుంది, మోటారూ బాగానే ఉంటుంది. చెడింది సందు.

చమురు బావిలోనూ చెడేది సందే. కాకపోతే అక్కడ అది వెంట్రుక మందాన ఉంటుంది, లోతు కిలోమీటర్లలో ఉంటుంది, దాని గుండా పైకి పాకేది మీథేన్. వాడి పారేసిన ప్లాస్టిక్ నుంచి చేసిన, ద్రవంగా పోస్తే గట్టిపడే రెసిన్‌తో అలాంటి బావులను మూయొచ్చన్న మాట వినగానే రాయలసీమలో రెండు ప్రశ్నలు పుడతాయి. ఊరి చెత్తకు దారి దొరికినట్టేనా? ఎండిపోయిన బోర్లలో కూడా అదే పోయొచ్చా? రెండింటికీ జవాబు కాదనే. అలాగని ఆ రెసిన్ పనికిరానిదేమీ కాదు. అది చేసే పని కొలతలో చాలా చిన్నది, ఆ చిన్న పని సిమెంటు వల్ల కాదు.

సిమెంటు ఆగిపోయే చోటు

రాయలసీమ నేల కింద చమురు ఉత్పత్తి లేదు. కడప బేసిన్ రాళ్లు చాలావరకు వంద కోట్ల ఏళ్లకు పైబడినవి. తెలుగునాట చమురు, గ్యాస్ బావులన్నీ కృష్ణా గోదావరి డెల్టాలో, దాని ముందరి సముద్రంలో ఉన్నాయి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఎగదన్నిన బావి 65 రోజులు మండింది. అది తవ్వుతుండగా జరిగిన బ్లోఅవుట్. ఇక్కడి విషయం అది కాదు. పని అయిపోయి మూసేసిన బావి ఎవరికీ వినపడకుండా ఏళ్ల తరబడి కారుతూ ఉండటం. వందేళ్ల లెక్కలో మీథేన్ ఒక కిలో, కార్బన్ డయాక్సైడ్ 28 కిలోలంత వేడి పెంచుతుంది. యజమాని పత్తా లేని బావుల్ని మూసి శుభ్రం చేయడానికే అమెరికా 2021 నాటి మౌలిక వసతుల చట్టంలో 470 కోట్ల డాలర్లు పెట్టింది.

బావిలో ఉక్కు గొట్టాలు ఒకదానిలో ఒకటి దిగి ఉంటాయి. బయటిది 20 అంగుళాలదైతే, లోపలికి పోయేకొద్దీ 13, 9, చివరికి 7 అంగుళాల దాకా వస్తాయి. గొట్టానికీ గొట్టానికీ నడుమ, గొట్టానికీ రాతికీ నడుమ సిమెంటు నింపుతారు. ఇళ్లకు పోయే మామూలు బస్తా ఇక్కడ పనికిరాదు. తాడిపత్రి, ఎర్రగుంట్ల చుట్టూ ఎన్ని ఫ్యాక్టరీలున్నా, చమురు బావి సిమెంటుకు ఐఎస్ 8229 అని వేరే ప్రమాణం ఉంది. సాధారణంగా వాడే జి క్లాసు సిమెంటు వంద కిలోలకు 44 లీటర్ల నీళ్లు కలిపితే నీటికి 1.9 రెట్లు బరువుండే ముద్ద వస్తుంది. చవక, బలమైనది, వందేళ్ల అనుభవం ఉన్నది. దాని జబ్బు ఒక్కటే: గట్టిపడ్డాక సాగదు. బావిలో ఒత్తిడి పరీక్ష చేసినప్పుడు కేసింగ్ ఉబ్బుతుంది, ఒత్తిడి తీసేయగానే మళ్లీ సన్నబడుతుంది. సిమెంటు మాత్రం వెనక్కి రాదు. వేడి చమురు కొన్నేళ్లు పారి, ఆపైన బావి చల్లబడ్డా ఇదే జరుగుతుంది. ఉక్కుకూ సిమెంటుకూ మధ్య 50, 100 మైక్రాన్ల చీలిక తెరుచుకుంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు.

పైన దీని గుర్తు తేలిగ్గానే కనపడుతుంది. కేసింగ్‌ల నడుమ ఉండే గేజీలో ఒత్తిడి చూపిస్తుంది. వాల్వు తిప్పి గ్యాస్ వదిలేస్తే సున్నాకు వస్తుంది, వాల్వు మూస్తే కొన్ని గంటల్లోనో రోజుల్లోనో మళ్లీ ఎక్కుతుంది. ఎక్కకుండా అక్కడే ఆగిపోతే అది లోపల చిక్కుకున్న ద్రవం వేడికి వ్యాకోచించడమే, కంగారు అక్కర్లేదు. మళ్లీ మళ్లీ ఎక్కితేనే కారుడు.

ఆ చీలికలోకి మళ్లీ సిమెంటే పంపితే? సిమెంటు ముద్ద అంటే నీళ్లలో తేలే రేణువులు. వాటిలో పెద్దవి వంద మైక్రాన్ల దాకా ఉంటాయి. రేణువు కంటే మూడింతలు వెడల్పు లేని సందులోకి ముద్ద దూరదు. మూతి దగ్గరే రేణువులు పేరుకుని, నీళ్లు మాత్రం లోపలికి పోతాయి. పంపు గేజీలో ఒత్తిడి ఎక్కుతుంది కాబట్టి పైనున్నవాళ్లకు సందు మూసుకున్నట్టే అనిపిస్తుంది. నెల తిరగకముందే గ్యాస్ మళ్లీ వస్తుంది. సన్నగా నూరిన సిమెంటు కొంత నయం, అదీ ఒక హద్దు దాకానే. రెసిన్‌లో రేణువులే ఉండవు, అది ద్రవం. ద్రవంగా దూరి, దూరిన చోట గట్టిపడుతుంది. దాని విలువంతా ఇంతే.

ఇప్పుడు కొలత చూద్దాం. ఏడంగుళాల కేసింగ్ చుట్టుకొలత 56 సెంటీమీటర్లు. దాని చుట్టూ 100 మైక్రాన్ల చీలిక 100 మీటర్ల పొడవునా ఉందనుకుంటే, ఆ చీలిక మొత్తం ఘనపరిమాణం 5.6 లీటర్లు. బిందెడు కూడా కాదు. అదే గొట్టం లోపలి భాగాన్ని 50 మీటర్లు నింపాలంటే 970 లీటర్లు కావాలి. కిలో ధర సిమెంటుకు ఎన్నో రెట్లున్న రెసిన్ మొదటి పనికి అసలు ఖర్చే కాదు. రెండో పనికి గట్టి ఖర్చు, పైగా ఇంకో పెద్ద చిక్కు, అది కింద వస్తుంది.

ఏ ప్లాస్టిక్ రెసిన్ అవుతుంది

ప్లాస్టిక్ అన్న ఒక్క మాట కింద వేరువేరు కులాలు కలిసిపోవడం వల్లే ఈ విషయంలో సగం గందరగోళం. నీళ్ల సీసా పెట్ అనే పాలిఎస్టర్. దాని అణువుల గొలుసులో ఎస్టర్ బంధాలు వరసగా ఉంటాయి, గ్లైకాల్ అనే ఆల్కహాల్ జాతి ద్రవం‌తో వేడి చేస్తే ఆ కణుపుల దగ్గర తెగుతుంది. తెగిన ముక్కలతో కొత్త రెసిన్ కట్టొచ్చు. డ్రిప్పు లాటరల్ పైపు, మల్చింగ్ షీటు, పాల కవరు పాలిథీన్. దాని గొలుసులో తెగే కణుపే లేదు. కరిగించి పైపుగానో బకెట్‌గానో మళ్లీ పోయొచ్చు, గది వేడిలో ద్రవంగా ఉండి తర్వాత గట్టిపడే రెసిన్‌గా మార్చడం ఈ దారిలో కుదరదు. కరిగించి బావిలో పోసినా పాలిథీన్ ఉక్కును పట్టుకోదు. మైనపు కొవ్వొత్తి గాజు మీద నుంచి ఊడివచ్చినట్టు ఊడివస్తుంది. అనంతపురం పొలాల్లో మూడు నాలుగేళ్లకు ముదిరి చీలిపోయి, గుజిరీ అంగడికి చేరే లాటరల్ చుట్టల గురించి ఆశ పెట్టుకున్నవాళ్లకు ఇది చేదు మాటే.

సీసాల్లోనూ ఏరుకోవడం ఉంది. ముక్కలు చేసి నీళ్ల తొట్టిలో వేస్తే మూతలు, వాటి ఉంగరాలు తేలతాయి. అవి పాలిథీన్, పాలిప్రొపిలీన్, నీటికంటే తేలిక. పెట్ బరువు నీటికి 1.38 రెట్లు, అది మునుగుతుంది. ఇంతవరకు పిల్లల ఆట. చిక్కల్లా పీవీసీతో. కొన్ని లేబుళ్లు, పాత రకం సీసాలు పీవీసీవి. దాని బరువూ 1.35 నుంచి 1.4 మధ్య కాబట్టి పెట్‌తో పాటే మునుగుతుంది, తొట్టి దాన్ని పట్టివ్వదు. 200 డిగ్రీల వేడిలో రెసిన్ వండే పాత్ర, అంటే కెటిల్‌లో పీవీసీ ముక్క హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదులుతుంది. ఉత్ప్రేరకాన్ని అది పాడుచేస్తుంది, కెటిల్ గోడను తింటుంది, రెసిన్ గోధుమ రంగుకు తిరుగుతుంది. అందుకే ముక్కలు చేయకముందే, సీసా సీసాగా ఉన్నప్పుడే మనుషులు ఏరాలి. లేబుల్ తీసేసిన తెల్ల సీసాకూ, అన్నీ కలిసిన బస్తాకూ గుజిరీ అంగట్లో ధర తేడా ఊరికే రాలేదు.

వంట మోటుగా ఇలా ఉంటుంది. ఎండిన పెట్ ముక్కలు 100 కిలోలు, ప్రొపిలీన్ గ్లైకాల్ 60 కిలోలు, ఉత్ప్రేరకంగా జింక్ ఎసిటేట్ అర కిలో. నైట్రోజన్ కింద, కలుపుతూ, 190 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి 210 దాకా నెమ్మదిగా ఎక్కిస్తూ ఆరేడు గంటలు. గ్లైకాల్ 188 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి తొందరపడి మంట పెంచితే అది ఆవిరై పోతుంది, సీసా ముక్కలు అడుగున గడ్డగా మిగులుతాయి. ముక్కలన్నీ కరిగి ద్రవం తేటపడ్డాక చల్లార్చి, 64 కిలోల మెలియిక్ ఆన్‌హైడ్రైడ్ వేసి మళ్లీ 180, 200 డిగ్రీలకు తీసుకెళ్లాలి. పదకొండు, పన్నెండు కిలోల నీళ్లు విడుదలై బయటికి వస్తాయి. ఆమ్ల సంఖ్య (ఇంకా కలవకుండా మిగిలిన ఆమ్లానికి కొలత) 30 దగ్గరికి పడేదాకా ఆపకూడదు. ముందే ఆపితే రెసిన్ సరిగా గట్టిపడదు, అతిగా లాగితే కెటిల్‌లోనే గడ్డకట్టుకుంటుంది. దాన్ని ఖాళీ చేయడానికి సుత్తి, ఉలి తప్ప దారి లేదు. తర్వాత ముందే గట్టిపడకుండా కొద్దిగా హైడ్రోక్వినోన్ వేసి, చల్లబరచి, రెసిన్‌ను పలచన చేసి గట్టిపడేటప్పుడు గొలుసుల్ని ముడివేసే స్టైరీన్‌లో కలుపుతారు. మొత్తం బరువులో స్టైరీన్ నూటికి 35 పాళ్లు.

ఇక్కడ లెక్క కడితే సుమారు 326 కిలోల రెసిన్ తేలుతుంది, అందులో సీసా నుంచి వచ్చింది 100 కిలోలు. అంటే నూటికి ముప్పై పైచిలుకు. మిగతాదంతా కొత్త పెట్రో రసాయనమే. పీపా మీద రీసైకిల్డ్ అని పచ్చ అక్షరాలతో ఉన్నా లోపల ఉండేది ఇదే. బరువు కోసం ఖనిజ పొడి కలిపితే ఆ పాలు ఇంకా పడిపోతుంది.

ఈ పనిలో ప్రాణం మీదికి వచ్చేది స్టైరీన్. 31, 32 డిగ్రీల దగ్గరే దాని ఆవిరి నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. కడపలో ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద పీపా పెడితే ఆ హద్దు ఎప్పుడో దాటినట్టే. ఎక్కువకాలం వేడిలో ఉంటే తనంతట తానే పాలిమర్‌గా మారుతూ ఇంకా వేడెక్కుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో 12 మందిని బలిగొన్నది అలా వేడెక్కిన ట్యాంకు నుంచి వచ్చిన స్టైరీన్ ఆవిరే. రెసిన్ యూనిట్ పెడదామనుకునేవాళ్లు మొదట రాసుకోవాల్సిన ఖర్చు కెటిల్‌ది కాదు, చల్లటి గోదాముది.

బావిలోకి దించడం

రెసిన్‌ను గట్టిపరిచేది పెరాక్సైడ్. ఏది వాడాలో బావి వేడి చెబుతుంది. లోతుకు దిగేకొద్దీ ప్రతి వంద మీటర్లకు సగటున మూడు డిగ్రీలు పెరుగుతుంది. ఫైబర్ గ్లాసు పని చేసేవాళ్లకు అలవాటైన కోబాల్టు (వేగం పెంచేది), ఎంఈకేపీ (ఒక రకం పెరాక్సైడ్) జోడీ పైభాగంలోని చల్లటి చోట్లకే సరి. 70, 80 డిగ్రీల దగ్గర బెంజాయిల్ పెరాక్సైడ్ చాలు, 73 డిగ్రీల దగ్గర అది పది గంటల్లో సగం విడిపోతుంది. ఇంకా వేడి బావులకు డైక్యుమైల్ పెరాక్సైడ్, దానికి ఆ పది గంటల గీత సుమారు 115 డిగ్రీల దగ్గర ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే గట్టిపడే సమయం సుమారు సగానికి పడుతుందన్నది చేతి లెక్క. బావి అడుగు వేడిని 80 అనుకుని కలిపి, అసలు వేడి 100 ఉంటే నాలుగు గంటల మిశ్రమం గంటలో బిగుసుకుంటుంది. అప్పటికి అది పంపు గొట్టంలోనే ఉంటుంది. కోబాల్టు, పెరాక్సైడ్ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి పోయకూడదు, మంట లేస్తుంది. ఒకదాన్ని రెసిన్‌లో పూర్తిగా కలిపాకే రెండోది.

పైన కప్పులో చేసిన పరీక్షను నమ్మి దిగడం అన్నిటికంటే మామూలు పొరపాటు. వంద గ్రాముల రెసిన్ కప్పులో గట్టిపడేటప్పుడు వేడి గాలిలోకి పోతుంది. గ్రాముకు 300 నుంచి 400 జౌళ్ల వేడి విడుదలవుతుంది. అది బయటికి పోయే దారి లేకపోతే రెసిన్ వేడి 150 డిగ్రీలకు పైగా ఎక్కగలదు. వందల లీటర్ల ముద్ద నడిబొడ్డున అదే జరుగుతుంది. మధ్య భాగం ముందు గట్టిపడి, తర్వాత చల్లారుతూ పగుళ్లిస్తుంది. వంద మైక్రాన్ల పొరలో ఈ బాధ లేదు, ఇటు ఉక్కు, అటు సిమెంటు వేడిని వెంటనే పీల్చేస్తాయి.

కుంచించుకుపోవడం ఇంతకంటే పెద్ద చిక్కు. పాలిఎస్టర్ రెసిన్ గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో ఏడెనిమిది శాతం తగ్గుతుంది. చీలికలో నిండిన 100 మైక్రాన్ల పొర ఏడు శాతం తగ్గి ఒక పక్క ఊడిందనుకుందాం. మిగిలే సందు 7 మైక్రాన్లు. సన్నటి సందులో పారే ప్రవాహం దాని వెడల్పు ఘనాన్ని బట్టి ఉంటుంది, వెడల్పు సగమైతే ప్రవాహం ఎనిమిదో వంతు. ఆ లెక్కన 100 నుంచి 7కు పడితే కారుడు దాదాపు మూడు వేల వంతుకు పడిపోతుంది. ఊడినా గెలుపే. అదే రెసిన్‌ను 157 మిల్లీమీటర్ల గొట్టం నిండా పోస్తే? ఘనపరిమాణంలో ఏడు శాతం అంటే ఒక్కో దిశలో దాని మూడో వంతు, సుమారు 2.3 శాతం; వ్యాసంలో అది 3.6 మిల్లీమీటర్లు, ఒక్కో పక్క 1.8. చాలా భాగం రెసిన్ ఇంకా మెత్తగా ఉన్నప్పుడే కిందికి కుంగి సర్దుకుంటుంది. పదో వంతు మిగిలినా 180 మైక్రాన్ల సందు. మూయబోయిన చీలిక కంటే వెడల్పైన చీలికను మనమే చేసిపెట్టినట్టు. ఒకే సరుకు, ఒకే లోపం. పలచటి పొరలో అది లెక్కలోకి రాదు, ముద్దలో కొంప ముంచుతుంది. ముద్దగా పోయాలంటే ఖనిజ పొడి, కుంచింపును ఆపే సంకలితాలు దండిగా పడాలి, లేదా ఎపాక్సీ అనే తక్కువ కుంచించుకునే మరో రకం రెసిన్‌కు పోవాలి. నార్వే ప్రమాణం నార్సాక్ డి-010 బావిలో ఒక్కో అడ్డు సిమెంటుకు 100 మీటర్ల పొడవు అడుగుతుంది, కింద యంత్రపు ప్లగ్గు ఉంటే 50. ఆ పొడవును రెసిన్‌తో నింపాలనుకునే ముందు ఈ లెక్క రెండుసార్లు వేసుకోవాలి.

ఖనిజ పొడి అనగానే రాయలసీమ సరుకు ఒకటి ముందుకొస్తుంది. ఉమ్మడి కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి, అంటే బెరైటీస్, నీటికి 4.2 రెట్లు బరువు. ప్రపంచంలోని పెద్ద నిక్షేపాల్లో అదొకటి. చమురు రిగ్గుల బురదకు బరువెక్కించేందుకు ఆ రాయి ఎప్పటినుంచో పోతోంది. ఉత్త రెసిన్ బరువు నీటికి 1.1 రెట్లే. బావిలో 1.4 బరువున్న బురద ఉంటే పంపిన రెసిన్ దాని కింద నిలవదు, నూనెలాగా పైకి తేలుతుంది. మిశ్రమాన్ని 1.6కు తేవాలంటే లీటరుకు సుమారు 680 గ్రాముల ముగ్గురాయి పొడి, 920 గ్రాముల రెసిన్ కావాలి. ఇక్కడ సీసా పాలు బరువులో 18 శాతానికి దిగుతుంది. ఈ పొడి మళ్లీ రేణువే కాబట్టి చీలికకు పంపే రెసిన్‌లో వేయకూడదు, సిమెంటు చేసిన పనే అదీ చేస్తుంది. చీలికకు ఉత్త రెసిన్, ముద్దకు పొడి కలిపింది. ఒకే పీపాతో రెండూ కానిచ్చేద్దామనుకుంటే రెండూ చెడతాయి. పొడి కలిపినదానిలోనూ ఒక మోసం ఉంది. లోపలి వేడికి రెసిన్ నీళ్లలా పలచబడుతుంది, గట్టిపడేలోగా ముగ్గురాయి అడుగుకు దిగిపోతుంది. పైన ఉత్త రెసిన్, కింద రాతిగడ్డ. దిగకుండా పట్టుకోవడానికి అతి సన్నటి సిలికా పొడి శాతమో, ఆ పైచిలుకో వేస్తారు.

దించే పనికి వస్తే, మొదట కారే చోటు దొరకాలి. వేడిని కొలిచే లాగ్ (లోతు వెంట కొలుస్తూ గీసే పట్టీ), చప్పుడు వినే లాగ్, సిమెంటు పట్టును చూపే బాండ్ లాగ్ మూడూ ఒకే లోతును చూపిస్తే నమ్మొచ్చు. ఆ చోట కేసింగ్‌కు రంధ్రాలు కొట్టి, ముందు నీళ్లు నెట్టి చూస్తారు. నీళ్లు తేలిగ్గా పోతే సందు పెద్దది, సిమెంటే చాలు, రెసిన్ వృథా. ఒత్తిడి పెట్టినా నిమిషానికి లీటరు కూడా పోకపోతే అది రెసిన్ చోటు. తర్వాత కడుగుడు. ఉక్కు మీద నూనె జిడ్డు, పాత బురద పొర ఉంటే ఏ రెసిన్ అయినా ఆ పొరనే పట్టుకుంటుంది, ఉక్కును కాదు. నూనెను విడదీసే ద్రావణం, ఆ వెనక శుభ్రమైన అడ్డు ద్రవం, దాని వెనక రెసిన్, మళ్లీ అడ్డు ద్రవం. నీళ్లు నేరుగా తగిలితే పాలిఎస్టర్ అంచు పాలలా తెల్లబడి, గట్టిపడకుండా జిగటగానే మిగులుతుంది. కొద్ది లీటర్లే అయితే తీగకు కట్టిన బెయిలర్ గొట్టంలో దించి ప్లగ్గు మీద ఒలకబోస్తారు. ఒత్తిడితో చీలికలోకి నెట్టాలంటే సన్నటి చుట్ట గొట్టం కావాలి. కొంచెం నెట్టి, ఆగి, మళ్లీ నెట్టడం. ఒకేసారి తోస్తే దగ్గరి పెద్ద సందులోకే అంతా పోతుంది. పైన ఉంచిన నమూనా గట్టిపడిందని కాకుండా, బావి వేడిలో పెట్టిన నమూనా గట్టిపడ్డాకే పైన గొట్టం ఆనించి చూసి, ఒత్తిడి పరీక్ష చేయాలి.

ఎన్నాళ్లుంటుంది? బావిలోని ఆమ్లాలకు, కార్బన్ డయాక్సైడ్‌కు సిమెంటు లొంగుతుంది, రెసిన్ నిలుస్తుంది. క్షారం దగ్గర కథ తిరగబడుతుంది. గట్టిపడిన సిమెంటు రంధ్రాల్లోని తేమ పీహెచ్ 12.5 పైనే. వేడి, తేమ, క్షారం మూడూ కలిస్తే ఎస్టర్ బంధం తెగుతుంది. కెటిల్‌లో సీసాను తెంపిన కణుపే బావిలో రెసిన్‌నూ తెంపుతుంది. పాత సిమెంటు పక్కనే, వేడి చోట, ఉప్పునీటిలో పాలిఎస్టర్ రెసిన్‌ను శాశ్వతమని ఎవరన్నా రాసిచ్చినా ఒప్పుకోవాల్సిన పని లేదు. తాగునీటి పొరల కిందుండే చల్లటి చీలికలకు మాత్రం అది మంచి సరుకే.

సీసాల లెక్క కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. 5.6 లీటర్ల చీలికకు ఆరు కిలోల పైచిలుకు రెసిన్, అందులో సీసా 1.9 కిలోలు. లీటరు సీసా 20 నుంచి 25 గ్రాములుంటుంది కాబట్టి ఎనభై, తొంభై సీసాలు. వృథా కలుపుకుని 50 లీటర్లు పంపారనుకున్నా ఏడెనిమిది వందలు. ఒక పెళ్లి భోజనాల దగ్గర ఇంతకంటే ఎక్కువే పోగుపడతాయి. ఈ రెసిన్ బావికి మేలు చేస్తుంది, చెత్తకుప్పకు కాదు.

ఎండిన బోరుకు ఏం చేయాలి

ఆరున్నర అంగుళాల బోరు మీటరుకు 21.4 లీటర్లు పడుతుంది. 600 అడుగుల బోరు నిండాలంటే 3,900 లీటర్లు, రెసిన్‌లో 4,300 కిలోలు. కిలో 150 రూపాయలనుకున్నా ఆరున్నర లక్షలకు దగ్గర. కొత్తగా ఎన్ని బోర్లు వేయొచ్చో రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. డబ్బు పక్కన పెట్టినా స్టైరీన్ ఒప్పుకోదు. తాగునీటిలో దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 20 మైక్రోగ్రాములు. అంటే గ్రాము స్టైరీన్ 50,000 లీటర్ల నీళ్లను ఆ గీత దాకా తెస్తుంది. పై లెక్కలోని రెసిన్‌లో స్టైరీన్ 1,500 కిలోలు. అందులో నూటికి ఒక్క వంతు గట్టిపడకుండా మిగిలినా 15 కిలోలు, 75 కోట్ల లీటర్లకు సరిపడేంత. అంతా ఒక్కసారి కరగదు, నిజమే. కానీ చుట్టుపక్కల బోర్లన్నీ అదే రాతి పగుళ్ల నీళ్లు తాగుతున్నప్పుడు ఆ పరీక్ష చేసి చూడాల్సిన అవసరం ఏముంది? చమురు బావిలో రెసిన్ కూర్చునే లోతులో మామూలుగా తాగే నీళ్లుండవు. తేడా అదీ.

ఎండిన బోరుకు మట్టే మందు. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలూ అదే చెప్పాయి: వదిలేసిన బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా బంకమట్టి, ఇసుక, గులకరాళ్లు, బోరు పిండి వంటివాటితో పూడ్చాలి. 600 అడుగులకు నాలుగు ఘనమీటర్ల లోపే, ట్రాక్టర్ ట్రాలీ ఒకటిన్నర. కుంగేదానికి కలిపి రెండు తోలించుకోవాలి. చెడేది పోసే తీరులో. ట్రాలీ ఎత్తి ఒక్కసారి దొర్లిస్తే మట్టి నడుమ ఎక్కడో వంతెన కట్టుకుంటుంది, కింద వందల అడుగులు ఖాళీ. పైకి నిండినట్టే కనిపిస్తుంది, పెద్ద వానకో ట్రాక్టర్ చక్రానికో ఆ వంతెన జారుతుంది. ముందు మోటారు, పైపు, తాడు ముక్కలు ఏమున్నా తీసేయాలి. తడిగడ్డలు కాకుండా పొడి మట్టిని, గులకను కలిపి పారతో కొద్దికొద్దిగా వేయాలి. పది తట్టలకోసారి రాయి కట్టిన తాడు దించి లోతు కొలవాలి. పోసినదానికి లోతు తగ్గాల్సినంత తగ్గిందా చూడాలి. పది తట్టలకు పదిహేను మీటర్లు ఒకేసారి తగ్గితే నడుమ వంతెన కట్టుకున్నట్టే, బరువైన రాడ్డు తాడుకు కట్టి దాన్ని పొడిచి దించాలి.

కొత్త బోరు దగ్గర మొదట చెప్పిన సందు ఇంకా మిగిలే ఉంది. ఎనిమిదిన్నర అంగుళాల రంధ్రంలో ఏడంగుళాల కేసింగ్ చుట్టూ మీటరుకు 12 లీటర్లకు దగ్గరి ఖాళీ. పై 20 అడుగులకు 72 లీటర్లు. వంద కిలోల సిమెంటు, రెండు కిలోల బెంటోనైట్ (నీళ్లకు ఉబ్బే బంకమట్టి పొడి), 62 లీటర్ల నీళ్లు కలిపితే 94 లీటర్ల గ్రౌటు, అంటే పోయడానికి వీలైన సిమెంటు ముద్ద వస్తుంది. రంధ్రం అక్కడక్కడా వెడల్పై ఉన్నా సరిపోతుంది. రెండు బస్తాల పని. పైనుంచి పోస్తే గాలి బుడగలు చిక్కుకుని సగం సందు ఖాళీగానే ఉంటుంది కాబట్టి కింది నుంచి నింపుకుంటూ రావాలి. దీనికి రెసిన్ కాలేకపోయిన డ్రిప్పు పైపే పనికొస్తుంది. రంధ్రాలు లేని 16 మిల్లీమీటర్ల పాత లాటరల్ ముక్కను, కేసింగ్ దించేటప్పుడే 20 అడుగుల లోతుకు చేరేలా దాని ఒంటికి టేపుతో కట్టి దించాలి. అడుగున 20 అడుగుల మట్టం దాకా బోరు పిండి నింపి, ఆపైన గ్రౌటును లాటరల్ గుండా పోయాలి. బుడగలు ఆగి చిక్కటి గ్రౌటు నేల మట్టానికి పొర్లేదాకా ఆపకూడదు. గ్రౌటు బిగిసేదాకా ఒక రోజైనా బిట్ తిరగకూడదు గనక రిగ్గువాళ్లు మధ్యలో ఆగడానికి ఒప్పుకోరు. బోరు పూర్తయ్యాక, మోటారు దించకముందు పోస్తే ఆ తగాదా ఉండదు. లాటరల్ మాత్రం కేసింగ్‌తో పాటే దిగి ఉండాలి, తర్వాత తోయాలంటే పోదు.